ఆడనివ్వరు, పోనివ్వరు

ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున మారిస్ క్లారెట్ ఆడిన ఆఖరి ఆటలో ఆఖరి టచ్‌డౌన్ అతనిదే. 2003 జనవరి 3 రాత్రి, ఆరిజోనాలోని టెంపీ ఊళ్లో, ఐదు గజాల దూరం నుంచి బంతిని గీత దాటించాడు. దాంతో అతని జట్టు దేశంలోని కాలేజీలన్నిటిలో విజేతగా నిలిచింది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. ఆ రాత్రి తర్వాత కాలేజీ మైదానంలో మళ్లీ ఒక్క ఆట ఆడలేదు. ఈ కుర్రాడు ఆడొచ్చా, ఆడకూడదా అని పెద్దలు తేల్చేలోపే ఆటలో అతని కాలం చెల్లిపోయింది.

మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకుంటాం. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురొచ్చేవాళ్లను గుద్దుకుంటూ, తప్పించుకుంటూ నూరు గజాల మైదానంలో ముందుకు దూసుకుపోవాలి. అలా బంతి మోసుకుని పరుగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. ఆటలో ఎక్కువ దెబ్బలు పడేది అతని ఒంటి మీదే. ఎముకల్లో సత్తువ ఉన్న కాలం నాలుగైదేళ్లకు మించదు. అందుకే ఆ స్థానంలో ఆడేవాడికి ఒక్క ఏడాది పోయిందంటే ఆయుష్షులో పెద్ద ముక్క పోయినట్టే. క్లారెట్‌కి రెండేళ్లు పోయాయి.

ఉక్కు చల్లారిన ఊరు

క్లారెట్ పుట్టింది 1983లో, ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్‌లో. ఒకప్పుడు ఆ ఊరి ఆకాశం కొలిమి మంటలతో రాత్రుళ్లు కూడా ఎర్రగా ఉండేది. 1977 సెప్టెంబరు 19న యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన పెద్ద ఉక్కు కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాదాపు 5,000 మంది పనివాళ్లు రోడ్డున పడ్డారు. ఆ రోజును అక్కడివాళ్లు ఇప్పటికీ 'బ్లాక్ మండే' అనే పిలుస్తారు. ఒకదాని తర్వాత ఒకటిగా మిగతా కర్మాగారాలూ మూతపడ్డాయి. పని పోయిన ఊళ్లోకి మత్తుమందు వచ్చింది, దాని వెనకే తుపాకీ వచ్చింది. క్లారెట్ తరం పిల్లలు పుట్టి పెరిగింది ఆ ఖాళీలోనే. ఈడు పిల్లల చావులు చూస్తూ పెరిగానని అతనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

అలాంటి ఊళ్లో బలమైన కాళ్లున్న కుర్రాడంటే ఇంటికే కాదు, వాడకట్టంతటికీ ఆశ. పక్కనే ఉన్న వారెన్ పట్టణంలోని హైస్కూల్లో ఆడుతూ 2001లో క్లారెట్ ఒహాయో రాష్ట్రానికంతటికీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. పెద్ద కాలేజీలు వెంటపడ్డాయి. అతను సొంత రాష్ట్రంలోని ఒహాయో స్టేట్‌నే ఎంచుకున్నాడు. అక్కడి కోచ్ జిమ్ ట్రెసెల్ అంతకుముందు పదిహేనేళ్లు యంగ్స్‌టౌన్‌లోనే కోచ్‌గా ఉండి ఆ ఊరి యూనివర్సిటీకి నాలుగు జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టినవాడు. ఊరి మనిషి పిలుస్తున్నాడు, కుర్రాడు వెళ్తున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు.

కొత్త జట్టుతో త్వరగా కలవాలన్న ఆత్రంలో క్లారెట్ తోటివాళ్ల కంటే ముందే, 2001 డిసెంబరు 11న హైస్కూలు చదువు ముగించి జనవరిలో కాలేజీలో చేరిపోయాడు. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి. రెండేళ్ల తర్వాత న్యాయమూర్తులు దీన్ని లెక్కలోకి తీసుకున్నారు.

పదమూడో నంబరు చొక్కా

ఒహాయో స్టేట్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది గనక దాన్ని హార్స్ షూ అంటారు. 2002 ఆగస్టు 24న టెక్సస్ టెక్ మీద సీజన్ మొదటి ఆటలో, మొదటి ఏడాది కుర్రాడు 13వ నంబరు చొక్కా తొడుక్కుని ఆ జనం ముందుకొచ్చాడు. 175 గజాలు పరుగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు. మూడు వారాలకు వాషింగ్టన్ స్టేట్ మీద 230 గజాలు. మోకాలికి, భుజానికి దెబ్బలు తగిలి కొన్ని ఆటలకు దూరమైనా, ఆగర్భ శత్రువు మిషిగన్‌తో ఆట వచ్చేసరికి తిరిగొచ్చి 119 గజాలు పరుగెత్తాడు. ఆ ఆటలో ఒహాయో స్టేట్ 14–9తో బయటపడింది. ఏడాది ముగిసేసరికి మొత్తం 1,237 గజాలు. ఆ కాలేజీలో మొదటి ఏడాది ఆటగాడెవరూ అప్పటిదాకా అంత దూరం పరుగెత్తలేదు.

ఫైనల్ అనదగ్గ ఫియెస్టా బౌల్‌లో ఎదురుపడింది మయామీ యూనివర్సిటీ. వరుసగా 34 ఆటలు గెలిచి ఉంది. పందెంగాళ్లంతా ఆ వైపే.

ఆ రాత్రి జరిగిన ఒక్క క్షణం చూస్తే చాలు, క్లారెట్ ఏమిటో తెలుస్తుంది. మూడో క్వార్టర్. ఒహాయో స్టేట్ 14–7తో ముందుంది, గీతకు దగ్గర్లో ఉంది. బంతి విసిరే స్థానంలో ఆడే క్వార్టర్‌బ్యాక్ క్రెంజెల్ విసిరిన బంతిని మయామీ డిఫెండర్ షాన్ టేలర్ గీత అవతలి ఎండ్‌జోన్‌లో అందుకున్నాడు. అందుకున్నవాడు ఆగలేదు, ఎదురు దిక్కుకు పరుగు తీశాడు. ఒక్క క్షణంలో ఆట తిరగబడింది. బంతి పోయిందని మిగతావాళ్లు తేరుకునేలోపే క్లారెట్ అడ్డంగా పరుగెత్తుకొచ్చి టేలర్‌ని చేరుకున్నాడు. కింద పడేయడానికి చూడలేదు. రెండు చేతులూ టేలర్ చంకలోకి దూర్చి, బంతిని పెరికి తన గుండెకు హత్తుకున్నాడు. పోయిన బంతి మళ్లీ ఒహాయో చేతికొచ్చింది. అందులోంచి మూడు పాయింట్లు పుట్టాయి. అరవై నిమిషాల ఆట 17–17తో ముగిసింది కాబట్టి, ఆ మూడు పాయింట్లు లేకపోతే అదనపు సమయమే లేదు. రెండో అదనపు పీరియడ్‌లో క్లారెట్ చేసిన టచ్‌డౌన్‌తో 31–24. ఒహాయో స్టేట్ 34 ఏళ్ల తర్వాత జాతీయ విజేత.

 

అయితే యూనివర్సిటీతో చీలిక ఆ గెలుపుకు ముందే వచ్చింది. ఆటకు కొద్ది రోజుల ముందు, ఊళ్లో చిన్ననాటి స్నేహితుడు హత్యకు గురయ్యాడు. అంత్యక్రియలకు పంపమని క్లారెట్ అడిగాడు. కావలసిన కాగితాలు నింపలేదని యూనివర్సిటీ అధికారులు అన్నారు. అన్నీ నింపానని, వాళ్లు అబద్ధమాడుతున్నారని అతను విలేకరుల ముందే అనేశాడు. స్నేహితుడి శవాన్ని చూడకుండానే బరిలోకి దిగి కాలేజీకి కప్పు తెచ్చాడు. కప్పును అందరూ కళ్లకద్దుకున్నారు. పెద్దల్ని అబద్ధాలకోరులన్న మాటను మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

తేలని వేసవి

2003 ఏప్రిల్‌లో క్లారెట్ ఒక పోలీసు ఫిర్యాదు ఇచ్చాడు. కార్ల డీలరు దగ్గర వాడుకోవడానికి తెచ్చుకున్న కారులోంచి తన వస్తువులు పోయాయని, వాటి విలువ 10,000 డాలర్లకు పైమాటేనని అందులో ఉంది. ఇదే అతని కొంపముంచింది. కాలేజీ కుర్రాడికి అంత సొమ్మెక్కడిది? డీలరు కారెందుకిచ్చాడు? కాలేజీ ఆటల పెత్తనమంతా చేతిలో ఉన్న ఎన్‌సీఏఏ అప్పటి నిబంధనల ప్రకారం ఆటగాడికి చదువు ఫీజు, బస, భోజనం మించి ఏమీ ముట్టకూడదు. ఆట పేరు చెప్పి ఎవరి దగ్గరా ఏ మేలూ పొందకూడదు. విలువ ఎక్కువ చేసి రాశానని క్లారెట్ తర్వాత ఒప్పుకున్నాడు.

జులైలో న్యూయార్క్ టైమ్స్ ఇంకో కథనం వేసింది. ఒక సబ్జెక్టులో క్లారెట్ పరీక్ష మధ్యలో లేచి వెళ్లిపోయినా, ప్రొఫెసర్ విడిగా నోటి పరీక్ష పెట్టి పాస్ చేశారన్నది ఆరోపణ. ఆ వ్యవహారంలో తప్పు జరిగిన ఆధారం లేదని యూనివర్సిటీ తర్వాత తేల్చింది. కానీ అప్పటికే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. విచారణాధికారులు దిగారు.

ఇక్కడ ఆ పద్ధతి ఎలా నడుస్తుందో చెప్పుకోవాలి. ఎన్‌సీఏఏ కోర్టు కాదు. సాక్షులకు సమన్లు ఇచ్చే అధికారం దానికి లేదు. అయినా ఆటగాడు మాత్రం అడిగిందల్లా చెప్పాలి. చెప్పింది నిజం కాకపోతే అది అసలు తప్పుకన్నా పెద్ద తప్పు. ఇక ఆటగాడి అర్హత మీద అనుమానం వచ్చినప్పుడు ముందుగా అతన్ని అనర్హుడని ప్రకటించాల్సింది కాలేజీయే. ఆ తర్వాత 'మావాడికి అర్హత తిరిగి ఇవ్వండి' అని ఎన్‌సీఏఏని అడుక్కోవాల్సిందీ కాలేజీయే. అంటే నిందించేదీ, వకాల్తా పుచ్చుకునేదీ ఒకే చెయ్యి. అనుమానం ఉన్నవాణ్ణి ఆడించి, తర్వాత అనర్హుడని తేలితే ఆ గెలుపులన్నీ రికార్డుల్లోంచి కొట్టేస్తారు. కాబట్టి ఏ కాలేజీ అయినా ముందు కాపాడుకునేది తన లెక్కనే. కుర్రాణ్ణి పక్కన కూర్చోబెడితే కాలేజీకి పోయేదేమీ లేదు. అతనికి మాత్రం రోజు గడిచేకొద్దీ వయసు పోతుంది.

ఆగస్టులో జట్టంతా ప్రాక్టీసు మొదలుపెట్టింది. క్లారెట్‌ని కలవనివ్వలేదు. ఎప్పటి నుంచి కలవనిస్తారో చెప్పలేదు. పత్రికలు రోజూ అదే అడిగాయి: ఆడతాడా, ఆడడా? మొదటి ఆటకా, మూడో ఆటకా? ఆగస్టు 22న క్రీడా విభాగాధిపతి ఆండీ గైగర్ ఒక మాట చెప్పారు. ఒకటి కంటే ఎక్కువ ఆటలకు సస్పెన్షన్ అని. ఎన్ని ఆటలకో చెప్పలేదు. అంకె లేని శిక్ష అది. జైలుకెళ్లే ఖైదీకి కూడా విడుదల తేదీ తెలుస్తుంది. ఈ కుర్రాడికి తెలియలేదు.

సెప్టెంబరులో పోలీసు ఫిర్యాదులో అబద్ధం రాశాడన్న కేసు నమోదైంది. మర్నాడే, సెప్టెంబరు 10న, 2003 సీజన్ మొత్తానికి సస్పెండ్ చేస్తున్నట్టు గైగర్ ప్రకటించారు. ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం 16 ఉల్లంఘనలు. అందులో రెండు మాత్రమే తీసుకోకూడని మేలు తీసుకున్నందుకు. మిగతా 14 విచారణలో నిజం చెప్పనందుకు. అంటే క్లారెట్ మీద మోపిన బరువులో ఎక్కువ భాగం అతను చేసిన పనిది కాదు, దాని గురించి అడిగినప్పుడు చెప్పిన మాటలది.

అబద్ధాలు చెప్పాడు. ఆ తప్పు అతనిదే. 19 ఏళ్లవాడు, వెనక నిలబడి 'నిజం చెప్పెయ్యి నాయనా, నేనున్నాను' అనే పెద్దదిక్కు లేనివాడు, భయంతోనో పొగరుతోనో మాట మార్చాడు. అయితే క్రిమినల్ కేసు ఎక్కడ తేలిందో కూడా చూడాలి. 2004 జనవరిలో అతను పోలీసులకు సహకరించలేదన్న చిన్న నేరం ఒప్పుకున్నాడు. కోర్టు 100 డాలర్ల జరిమానా వేసి ఫైలు మూసేసింది. నూరు డాలర్ల తప్పుకు ఒక సీజన్ వెళ్లిపోయింది. ఆ సీజన్లో ఒహాయో స్టేట్ అతను లేకుండానే 11 ఆటలు గెలిచింది. హార్స్ షూ ఎప్పటిలాగే నిండింది.

రెండు తలుపుల మధ్య

కాలేజీ ఆడనివ్వకపోతే డబ్బులిచ్చే లీగ్‌కి పోవచ్చు కదా అనిపిస్తుంది. పోనివ్వరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరాలంటే హైస్కూలు ముగిశాక మూడు సీజన్లు గడవాలన్నది నియమం. 1925లో రెడ్ గ్రేంజ్ అనే ఆటగాడు కాలేజీ ఆఖరి ఆట ఆడిన వెంటనే షికాగో బేర్స్‌లో చేరిపోవడంతో, కాలేజీలూ లీగూ కలిసి కట్టుకున్న గోడ తాలూకు వారసత్వం అది. ఒకరి కుర్రాళ్లను ఇంకొకరు ముందుగా ఎత్తుకుపోకూడదు. ఆ ఒప్పందంలో కుర్రాళ్లను అడిగినవాళ్లెవరూ లేరు. బేస్‌బాల్‌లోలా ఫుట్‌బాల్‌లో కింది స్థాయి లీగులూ లేవు. కాలేజీయే ఏకైక మెట్టు. విశ్వామిత్రుడు పంపితే ఇంద్రుడు తోసేసిన త్రిశంకుడిలా క్లారెట్ నడిమధ్యలో తలకిందులుగా వేలాడాడు.

2003 సెప్టెంబరులోనే అతను ఎన్‌ఎఫ్‌ఎల్ మీద దావా వేశాడు. 2004 ఫిబ్రవరి 5న న్యూయార్క్ ఫెడరల్ కోర్టు జడ్జి షైరా షైండ్లిన్ అతనికి అనుకూలంగా తీర్పిచ్చారు. పని చేయగలిగినవాణ్ణి బజారులోకి రానివ్వకుండా అడ్డుకోవడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమన్నారు. తలుపు తెరుచుకుంది. ఆ తీర్పును నమ్ముకుని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆటగాడు మైక్ విలియమ్స్ కూడా కాలేజీ ఆట వదిలి ఏజెంటును పెట్టుకున్నాడు.

ఏప్రిల్‌లో, ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందు, అప్పీలు కోర్టు ఆ తీర్పును నిలిపేసింది. సుప్రీంకోర్టు తలుపు తడితే జస్టిస్ గిన్స్‌బర్గ్, జస్టిస్ స్టీవెన్స్ ఇద్దరూ జోక్యానికి నిరాకరించారు. డ్రాఫ్ట్ జరిగిపోయింది. మే 24న అప్పీలు కోర్టు పూర్తి తీర్పు వచ్చింది. రాసింది సోనియా సోటోమేయర్. తర్వాత అయిదేళ్లకు ఆమె సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య బేరసారాలతో కుదిరిన ఉద్యోగ షరతులు కార్మిక చట్టం కిందికి వస్తాయి గానీ గుత్తాధిపత్య చట్టం కిందికి రావన్నది ఆ తీర్పు సారం. క్లారెట్ ఆ సంఘంలో సభ్యుడు కాడు. ఓటు లేదు, గొంతు లేదు. నియమం మాత్రం అతనికీ వర్తిస్తుంది.

ఆ తీర్పులో ఒక చిన్న లెక్క ఉంది. క్లారెట్ హైస్కూలు ముగించిన 2001 డిసెంబరు 11 నాటికి ఆ ఏటి ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మూడింట రెండు వంతులే గడిచింది. అతనికి తక్కువైంది ఒక్క సీజన్. కాలేజీ కోసం తోటివాళ్లను దాటి ముందుకొచ్చాడు. ఆ తొందర అక్కడ పనికొచ్చింది, ఇక్కడ లెక్కకు రాలేదు.

మైక్ విలియమ్స్ రెంటికీ చెడ్డ రేవడయ్యాడు. ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ తీసుకోలేదు, ఎన్‌సీఏఏ తిరిగి రానివ్వలేదు. క్లారెట్ ఆ ఏడాదీ మైదానం బయటే గడిపాడు. నవంబరులో ఒక పత్రిక ముందు కూర్చుని, ఒహాయో స్టేట్‌లో తనకు కార్లు, డబ్బు, మార్కులు ఏర్పాటు చేశారని ఆరోపించాడు. ట్రెసెల్ కాదన్నారు. ఆ ఆరోపణలు నిలబడలేదు. ఉన్న తలుపులన్నీ అలా మూసుకున్నాయి.

జారుడు

నియమం అడిగిన మూడు సీజన్లూ గడిచాక, 2005 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు కుర్రాళ్లను పరీక్షించారు. 40 గజాలు పరుగెత్తాలి. కోచ్‌లు చేతిలో స్టాప్‌వాచ్‌లు పట్టుకుని కూర్చున్నారు. క్లారెట్ రెండుసార్లు పరుగెత్తాడు. ఒకసారి 4.82 సెకన్లు, ఒకసారి 4.72. రన్నింగ్ బ్యాక్‌కి అది నత్తనడక. మిగతా పరీక్షలు చేయకుండానే అతను వెళ్లిపోయాడు. రెండేళ్లు పోటీ ఆట లేని కాళ్లకు ఆ గడియారం చదివిన లెక్క అది. చూసినవాళ్లు మాత్రం అతనిలో సత్తా లేదని రాసుకున్నారు.

అయినా డెన్వర్ బ్రాంకోస్ కోచ్ మైక్ షానహాన్ నమ్మాడు. డ్రాఫ్ట్ మూడో రౌండు ఆఖర్లో, మొత్తం మీద 101వ స్థానంలో ఎంచుకున్నాడు. చేతికొచ్చే 4,10,000 డాలర్ల బోనస్ వద్దని, బాగా ఆడితే ఎక్కువ వచ్చే ఒప్పందం మీద క్లారెట్ సంతకం చేశాడు. తన మీద తనకు అంత నమ్మకం మిగిలి ఉంది. శిక్షణ శిబిరంలో గాయం, దానికి తోడు తాగుడు. ఆ రోజుల్లో తాగుతూనే శిబిరానికి వెళ్లేవాణ్ణని అతనే తర్వాత బయటపెట్టాడు. ఆగస్టు 28న బ్రాంకోస్ వదిలించుకున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను ఒక్క ఆట ఆడలేదు. వద్దన్న బోనస్ చేతికి రాలేదు.

2006 జనవరి 1 తెల్లవారుజామున, ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లో ఒక నైట్‌క్లబ్ వెనక సందులో ఇద్దర్ని తుపాకీతో బెదిరించి దోచుకున్న కేసులో అతని పేరు వచ్చింది. దొరికిన సొత్తు ఒక సెల్‌ఫోన్. మర్నాడు పోలీసులకు లొంగిపోయాడు. అదే జనవరి 2 రాత్రి ఒహాయో స్టేట్ టెంపీలో అదే స్టేడియంలో, అదే ఫియెస్టా బౌల్‌లో నోటర్ డేమ్ మీద ఆడి గెలిచింది. మూడేళ్ల కిందట ఆ పచ్చిక మీద నిలబడ్డవాడు ఈ రాత్రి పోలీసుల ముందు నిలబడ్డాడు.

ఆగస్టు 9న పరిస్థితి ఇంకా దిగజారింది. కొలంబస్ రోడ్ల మీద పోలీసులు వెంటపడితే కారు ఆపలేదు. ఆపించాక బయటికి లాగబోయారు, పెనుగులాడాడు. కరెంటు షాకిచ్చే టేజర్ ప్రయోగిస్తే పనిచేయలేదు. ఎందుకో తర్వాత తెలిసింది: లోపల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. కళ్లలో కారపు మందు కొట్టి లొంగదీయాల్సి వచ్చింది. కారులో తూటాలు నింపిన నాలుగు తుపాకులు, మూత తీసిన వోడ్కా సీసా దొరికాయి. లక్షమంది పేరు పెట్టి పిలిచిన కుర్రాడు, ఎవరు చంపుతారోనన్న భయంతోనో ఎవరినన్నా చంపుదామన్న కసితోనో, కవచం కట్టుకుని రాత్రుళ్లు తిరుగుతున్నాడన్నమాట. సెప్టెంబరులో నేరం ఒప్పుకున్నాడు. ఏడున్నరేళ్ల శిక్ష పడింది. అప్పటికి ఇంకా 23 నిండలేదు.

అతని ఈడువాళ్లకు అది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సరిగ్గా వెలిగే వయసు.

ఎవరి తప్పు ఎంత

ఈ కథ చెప్పేవాళ్లు రెండు రకాలు. పొగరు తలకెక్కి, చేజేతులా కాల్చుకున్నాడనేవాళ్లు ఒకరు. వ్యవస్థ వాడుకుని విసిరేసిందనేవాళ్లు ఇంకొకరు. ఆ సందులో తుపాకీ పట్టుకున్నది ఎన్‌సీఏఏ కాదు, క్లారెట్. ఆ చేతికి అతనే బాధ్యుడు. ఆ మాట అతనూ కాదనలేదు. జైలు నుంచి వచ్చాక ఏ సభలో మాట్లాడినా తన తప్పులు తానే ముందు చెప్పుకుంటున్నాడు.

కానీ 2003 వేసవిలో జరిగింది శిక్ష కూడా కాదు. శిక్షకు మొదలుంటుంది, చివరుంటుంది, అనుభవించి బయటపడొచ్చు. ఇది అంతూ పొంతూ లేని నిరీక్షణ. ప్రాక్టీసు లేదు, జట్టు లేదు, పని లేదు, జీతం లేదు, పోవడానికి ఇంకో చోటు లేదు. యంగ్స్‌టౌన్ లాంటి ఊరి నుంచి వచ్చిన కుర్రాణ్ణి చెడు సావాసం నుంచి కాపాడుతున్నది ఒక్క ఆట. ఆ ఒక్కదాన్నీ తీసి పక్కన పెట్టి, 'ఆగు, చూద్దాం' అన్నారు. ఆ మధ్యకాలంలో అతను ఎక్కడికి పోతాడన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

విచారణ త్వరగా తేల్చడం చేతకాదా అంటే, చేతనవుతుంది. ఏడేళ్ల తర్వాత అదే ఒహాయో స్టేట్‌లో అయిదుగురు ఆటగాళ్లు తమ బహుమతులు, జెర్సీల్లాంటివి ఇచ్చి పచ్చబొట్లు, డబ్బు పుచ్చుకున్నట్టు 2010 డిసెంబరులో బయటపడింది. క్రిస్మస్‌కి ముందే ఎన్‌సీఏఏ తీర్పు చెప్పేసింది: వచ్చే సీజన్లో అయిదు ఆటల సస్పెన్షన్. కానీ జనవరి 4న జరగబోయే షుగర్ బౌల్‌లో మాత్రం అయిదుగురూ ఆడొచ్చు. కోట్ల మంది టీవీల్లో చూసే ఆట అది. శిక్షకు అంకె ఉంది, తేదీ ఉంది, పైగా సౌకర్యం కూడా ఉంది. క్లారెట్‌కి దక్కనిది అదే.

ఆ వ్యవహారం ముందే తెలిసి కూడా దాచినందుకు 2011 మే 30న ట్రెసెల్ రాజీనామా చేశారు. 2010లో గెలిచిన 12 ఆటలూ రికార్డుల్లోంచి పోయాయి. తెలిసింది చెప్పలేదన్నదే కుర్రాడి తప్పు; పెద్దాయన తప్పూ అదే. అయితే పెద్దాయనకు దారులు మూసుకోలేదు. 2014లో యంగ్స్‌టౌన్ స్టేట్ యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యారు. 2025లో ఒహాయోకి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. అది ఆయన అదృష్టం, ఆయన శ్రమ కూడా. పడ్డవాడికి మళ్లీ లేచే చోటు దొరికితే మనిషి ఎక్కడిదాకా వెళ్లగలడో చెప్పడానికే ఈ మాట.

క్లారెట్ మూడున్నరేళ్లు జైల్లో గడిపి 2010 ఏప్రిల్‌లో బయటికొచ్చాడు. లోపల పుస్తకాలు పట్టుకున్నాడు. రాసి పంపిన మాటల్ని బయట ఇంట్లోవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు. వచ్చాక ఒమాహా నైట్‌హాక్స్ అనే చిన్న లీగు జట్టుకు కొన్నాళ్లు ఆడాడు. 2013లో అతని మీద, ట్రెసెల్ మీద 'యంగ్స్‌టౌన్ బాయ్స్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఆ తర్వాత సొంత ఊళ్లోనే మత్తు, మానసిక సమస్యల్లో పడ్డవాళ్లకు సాయపడే సంస్థ పెట్టాడు. కాలేజీ జట్ల దగ్గరికి వెళ్లి కుర్రాళ్లతో మాట్లాడతాడు. మనిషి దక్కాడు. ఆటగాడు దక్కలేదు.

ఏ నియమం పేరు చెప్పి ఇదంతా నడిచిందో, ఆ నియమమే ఇప్పుడు లేదు. 2021 జులై నుంచి అమెరికా కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనలు చేసుకోవచ్చు, డబ్బు తీసుకోవచ్చు, డీలరు ఇచ్చిన కారులో దర్జాగా తిరగొచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లిస్తున్నాయి. ఒక్కో కాలేజీకి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల వరకు అనుమతి ఉంది. ఇలాంటి తప్పుకే 2010లో, ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వదులుకున్న రెజ్జీ బుష్ అనే ఆటగాడికి 2024లో దాన్ని తిరిగిచ్చారు. ట్రోఫీని బీరువాలోంచి తీసి ఇవ్వగలరు. ఇరవయ్యో ఏడును ఏ బీరువాలోంచి తీసిస్తారు?

తప్పు చేసిన కుర్రాడికి శిక్ష వేయాల్సిందే. కాలేజీలోనైనా, హాస్టల్లోనైనా, అకాడమీలోనైనా క్రమశిక్షణ కమిటీల్లో కూర్చునే పెద్దలకు చెప్పేది ఒక్కటే: శిక్ష వేసేటప్పుడు దాని పక్కన తేదీ కూడా వేయండి. తేలేదాకా ఆ పిల్లవాడు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో, ఎవరి కనుసన్నల్లో ఉండాలో అదీ రాయండి. ఒహాయో స్టేట్ అలా రాయలేదు. 2002 జాతీయ టైటిల్ మాత్రం ఇవాళ్టికీ ఆ యూనివర్సిటీ పేరు మీదే ఉంది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు.